పంట కాలువను కుట్టిన బొంత

పోయిన వేసవిలో మా వీధి చివరింటి పిన్నిగారు ఒక గోనెసంచి తెచ్చి మా అరుగు మీద పెట్టారు. అందులో ఆవిడ భర్తవి నాలుగు ఖాకీ చొక్కాలు, రెండు పంచెలు, వాటితోపాటు ఆవిడవే కట్టి కట్టి మెత్తబడిన నేత చీరలు మూడు ఉన్నాయి. ఆయన ముప్పై ఏళ్లు కాలువ మీద లస్కరుగా, అంటే తూములు చూసుకుని నీళ్లు వదిలే మనిషిగా పనిచేసి, ఆ సంక్రాంతికి ముందే కాలం చేశారు. “వీటన్నిటినీ కలిపి ఒక బొంత కుట్టిపెట్టమ్మా. చొక్కా జేబు ఒక్కటి మాత్రం కోసెయ్యకు, పైకి కనపడేలా ఉంచు” అన్నారు. జేబు ఎందుకని నేను అడగలేదు.

నేను పన్నెండేళ్లుగా బొంతలు కుడుతున్నాను. చూసినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న, ఈ నమూనాలు ఎలా తోస్తాయి అన్నదే. చుక్కల ముగ్గుల్లోంచి, కొబ్బరాకు తడికల అల్లికలోంచి, గట్టు మీద నిలబడితే కనిపించే వరిమడుల గళ్లలోంచి నేను కొన్ని తీసుకున్న మాట నిజమే. కానీ నమూనా ముందు పుట్టి దానికి తగిన గుడ్డ తరువాత దొరికిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. ముందు గుడ్డ వస్తుంది, అది ఎవరిదో, దాన్ని కట్టుకుని వాళ్లు ఏ పని చేశారో తెలుస్తుంది, ఆ తరువాతే సూది ఎటు వెళ్లాలో తోస్తుంది.

ఈ పని నాకు మా మామ్మ నేర్పింది. దాళ్వా, అంటే రెండో వరిపంట, కోతలు పూర్తయి, ఏప్రిల్‌లో కాలువలు కట్టేసిన తరువాత, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేలోపు ఉండే తీరిక రోజుల్లోనే ఆమె బొంత మొదలుపెట్టేది. కాలువ ఎండిపోకముందే పాత బట్టలన్నీ అందులో జాడించి, గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికి, ఎండలో పెళపెళలాడేలా ఆరబెట్టి ఉంచుకునేది. గంజి మిగిలితే బొద్దింకలు కొరుకుతాయని ఆమె భయం. ఆమె లెక్క చాలా సూటిగా ఉండేది. ఐదున్నర మీటర్ల చీరను పొడవున మూడు మడతలు వేస్తే ఆరడుగుల పైచిలుకు వస్తుంది, వెడల్పు చీర పన్నాయే. ఒంటి మంచానికి సరిపోయే కొలత, మూడు పొరలు, కత్తెరతో పని లేకుండానే సిద్ధమైపోతాయి. అలాంటివి రెండు ఒకదానిపై ఒకటి పరిచి, పైన ఒక పంచె కప్పి, కదలకుండా నాలుగు వైపులా కచ్చా కుట్లు వేసి, అప్పుడు అసలు కుట్టుకు కూర్చునేది. కుట్టు వడ్లగింజంత ఉండాలి, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం కూడా అంతే ఉండాలి. నేను దారాన్ని గట్టిగా లాగి గుడ్డ ముడతలు పడేలా చేసినప్పుడల్లా “అమ్మాయ్, దారాన్ని లాగకు, నడిపించు” అనేది. పొరల మధ్య చిక్కుకున్న గాలే చలిని ఆపుతుంది కాబట్టి, కుట్టు మరీ బిగిస్తే పొరలు అణిగిపోయి బొంత బరువుగా ఉంటుందే తప్ప వెచ్చగా ఉండదని నాకు చాలా కాలానికి అర్థమైంది.

ఆమె కుట్టినవాటిలో ఒకటి నా దగ్గర ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు అటక మీదికి ఎక్కించిన సామానులో విత్తనాల మూటతోపాటు ఈ బొంతలు కూడా ఉన్నాయి; జారి నీళ్లలో పడిన ఈ ఒక్కదానికి ఒక మూల ఒండ్రు మరక ఇప్పటికీ పోలేదు. దాన్ని తీసేయాలని నేను ఏనాడూ అనుకోలేదు.

నా మొదటి బొంత మాత్రం పాడైపోయింది. అందంగా ఉంటుందని ఒక కొత్త ఎర్రటి జాకెట్టు గుడ్డను ముందుగా ఉప్పునీళ్లలో నానబెట్టి చూడకుండా తెల్ల పంచె మీద వేసి కుట్టాను. నెల రోజుల పనంతా మొదటి ఉతుకులోనే గులాబిరంగు చారికలైపోయింది. అప్పటినుంచి రంగు వదిలేసిన పాత గుడ్డనే నమ్ముతున్నాను. పాలియెస్టర్ చీరలను తాకను. అవి పొర మీద పొర నిలవక జారిపోతాయి, మన ఉక్కపోతకు చెమట పీల్చవు.

మన భాషలో పొంతన లేనిదాన్ని ‘అతుకుల బొంత’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఏ అతుకు పక్కన ఏ అతుకు ఉండాలో తేల్చుకోవడమే ఈ పనిలో సగం. సంస్కృతంలో బొంతను కంథ అంటారు. బెంగాల్ వాళ్లు తమ కాంథా కుట్టును అదే పేరుతో గర్వంగా చెప్పుకుంటారు. కర్ణాటకలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్ది స్త్రీలు తమ కవంది అనే బొంతను అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వెళ్లి, నాలుగు మూలలా మడిచిన గుడ్డముక్కలతో పువ్వులు పెడతారు; ఆ మూల పువ్వును నేను వాళ్ల దగ్గరనుంచే తీసుకున్నాను. అమెరికాలో అలబామా నది మూడు వైపులా చుట్టి పారే గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడ బానిసలుగా బతికినవారి సంతతికి చెందిన స్త్రీలు పొలంపనిలో అరిగిన బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో తపాలా బిళ్లల మీద అచ్చువేశారు. మన దగ్గర నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. కానీ లేసు అల్లిన చేతులే ఇంట్లో బొంతలు కూడా కుట్టాయి. అమ్మకానికి వెళ్లలేదు కాబట్టి ఆ పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, చిరిగిన బొంతను ఎవరూ దాచలేదు.

పిన్నిగారి సంచి దగ్గరికి వస్తాను. ఖాకీ గుడ్డ చాలా దళసరి. మామూలు సూది వంగిపోతుంటే ముందు దబ్బనంతో కంత చేసి, ఆ తరువాత దారం ఎక్కించాల్సి వచ్చింది. రోజుకు జానెడు కూడా సాగేది కాదు. నాలుగు చొక్కాల వీపు భాగాలను పైన మడుల్లా పరిచాను, చేతుల గుడ్డను సన్నగా చీల్చి మడుల మధ్య గట్లుగా వేశాను, చీరలూ పంచెలూ లోపలి పొరలకు సరిపోయాయి. ఆ ఖాకీ వరుసలను నేల మీద పరిచి చూస్తుండగా, ఆయన సైకిల్ మీద గట్టు వెంట వెళ్తూ తూము తలుపులు ఎత్తీ దించీ చూసుకునే దృశ్యం గుర్తొచ్చింది. ధవళేశ్వరంలో బయలుదేరిన నీరు లొల్ల లాకుల దగ్గర చీలి, కాలువలై, పిల్ల కాలువలై, చివరికి బోదెగా మా చేలోకి చేరడం ఆయన రోజూ చూసిన సంగతి. దాన్నే నీలం దారంతో కుట్టాను. తల దగ్గర నాలుగు వరుసల లావు కుట్టుతో మొదలైన కాలువ, నడుము దగ్గరికి వచ్చేసరికి రెండు పాయలై, కాళ్ల వైపు ఒంటి కుట్టు బోదెలుగా విడిపోతుంది. జేబును గుండె మీదికి వచ్చే చోట, గుండీతో సహా అలాగే ఉంచాను.

బొంత పూర్తయ్యేసరికి కాలువలకు నీళ్లు వదిలారు. పిన్నిగారు దాన్ని మంచం మీద పరిచి, కళ్లజోడు తీసి ఆ జేబులో పెట్టి గుండీ వేశారు. ఆయన కూడా పడుకునే ముందు తన కళ్లజోడును చొక్కా జేబులోనే పెట్టి కొక్కేనికి తగిలించేవారట. తరువాత ఆవిడ నీలం కుట్టు వెంట వేలు కదుపుతూ తల దగ్గరనుంచి కిందికి వచ్చి, ఎడమ పాయలో ఒకచోట ఆగారు.

“ఇది మన రావిచెట్టు తూమే కదూ? ఇక్కడ బోదె తిన్నగా పోదమ్మా, తూర్పుకు తిరుగుతుంది” అన్నారు.

మర్నాడు బొంత వెనక్కి తెచ్చుకుని, ఆ జానెడు కుట్టు విప్పి, తూర్పుకు తిప్పి మళ్లీ కుట్టాను. విప్పిన చోట దబ్బనం చేసిన కంతలు మాత్రం ఖాకీ మీద వరుసగా, ఎండిపోయిన పాత బోదెలా ఇంకా కనిపిస్తున్నాయి.