స్పూలర్‌తో ఒక రాత్రి

రాత్రి పదింటికి అమ్మ పెన్షన్ ఫారం ప్రింట్ ఇస్తే క్యూలో ఇరుక్కుపోయింది, క్యాన్సిల్ కొడితే "డిలీటింగ్" అని చూపిస్తూ అలాగే ఉంది, పోదు రాదు. ప్రింటర్ ఆపి ఆన్ చేశా, కేబుల్ పీకి పెట్టా, ఏం లాభం లేదు. సరేలే అని విండోస్ కీతో ఆర్ నొక్కి సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సి కొట్టి, విండోస్ వెనకాల నడిపే సర్వీసుల ఆ చాంతాడంత లిస్టులో ప్రింట్ స్పూలర్ (ప్రింట్లని క్యూలో పెట్టి ప్రింటర్‌కి పంపేది ఇదే) వెతికి స్టాప్ చేశా. తర్వాత విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో స్పూల్, దాన్లో ప్రింటర్స్ ఫోల్డర్ తెరిస్తే ఇరుక్కున్న ప్రింట్‌వి రెండే ఫైళ్లు, ఒకటి ఎస్‌పీఎల్ ఒకటి ఎస్‌హెచ్‌డీ, ఇంత గొడవా వీటివల్లే! సర్వీస్ నడుస్తున్నప్పుడైతే డిలీట్ కానివ్వదు, వాడుకలో ఉందంటుంది, అందుకే ముందు ఆపాలి.

డిలీట్ చేసి మళ్లీ ప్రింట్ ఇద్దామని చూస్తే అసలు ప్రింటరే కనపడట్లేదు. అరగంట డ్రైవర్ తీసేసి వేద్దామని తంటాలు పడి, ప్రింటర్‌ని నానా తిట్లూ తిట్టి... చివరికి గుర్తొచ్చింది, స్పూలర్ ఆపా గానీ మళ్లీ స్టార్ట్ చేయలేదు 🤦 స్టార్ట్ నొక్కి మళ్లీ ప్రింట్ ఇవ్వగానే కిర్రుమంటూ పేపర్ లాగింది.

అమ్మేమో "పొద్దున్నే జిరాక్స్ షాపుకెళ్తే పది రూపాయల్లో అయిపోయేది కదరా" అని పడుకుంది.