పొట్లం వెనుక సన్నని అక్షరాలు

అమెరికాలోని నార్త్ కరోలినాలో స్థిరపడ్డాక నాకు వచ్చిన జబ్బు పేరు ఆల్ఫా-గాల్ సిండ్రోమ్. లోన్ స్టార్ అనే పిడుదు పురుగు కరిచాక కొందరి శరీరం, క్షీరదాల మాంసంలో ఉండే ఆల్ఫా-గాల్ అనే ఒక రకం చక్కెరను శత్రువుగా భావించి యాంటీబాడీలను తయారు చేస్తుంది. అటుపై మేక, గొర్రె, ఆవు, పంది మాంసం తింటే సాధారణంగా రెండు నుంచి ఆరు గంటల తరువాత దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీ వస్తాయి. రాత్రి భోజనంలో తిన్న వేటమాంసం కూర అర్ధరాత్రి దాటాక నన్ను ఆసుపత్రి పాలు చేయడంతో, ఆ రెంటికీ సంబంధం ఉందని మొదట ఎవరికీ తట్టలేదు. చివరికి అలర్జీ వైద్యురాలు రక్తపరీక్షతో సంగతి తేల్చారు.

కోడి, చేప, గుడ్డు నాకు పడుతున్నాయి కనుక వేటమాంసం మానడం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా పొట్లాల దగ్గరే వచ్చింది. అమెరికా చట్టం లేబుల్ మీద తప్పక చెప్పమన్న ప్రధాన అలర్జీ కారకాలు తొమ్మిది; 2023లో చేరిన నువ్వులతో కలిపి పాలు, వేరుశనగ, గోధుమ వంటివి అందులో ఉన్నాయి గాని, క్షీరద మాంసం లేదు. అందుకే మార్ష్‌మాలోలనే మెత్తటి మిఠాయిల మీద ఉత్త ‘జెలటిన్’ అని ఉంటుంది, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ఆ పదార్థం పందిదో పశువుదో తెలియదు. ఆహారంలోనూ మందుల్లోనూ కలిపే గ్లిజరిన్, మెగ్నీషియం స్టియరేట్, మోనో-డైగ్లిజరైడ్లు మొక్కల నూనెతోనైనా, జంతువుల కొవ్వుతోనైనా తయారు కావచ్చు. ‘నేచురల్ ఫ్లేవర్స్’ అన్న మాట అన్నింటికన్నా చిక్కు, దాని వెనుక మాంసం నుంచి తీసిన సారం ఉన్నా ఉండవచ్చు. తయారీదారుకు ఫోన్ చేసి ‘ఇది దేని నుంచి వచ్చింది?’ అని సూటిగా అడగడం నాకు అలవాటైంది. స్పష్టమైన జవాబు రాకపోతే ఆ వస్తువును కొనను. క్యాప్సూల్ మందుల పైతొడుగు కూడా తరచుగా జెలటినే కనుక, ఫార్మసిస్టునూ ఇదే ప్రశ్న అడుగుతాను.

“ఇండియన్ స్టోర్లో ఆకుపచ్చ చుక్క చూసి కొనుక్కోరా, ఇంకేం భయం?” అని గుంటూరు నుంచి అమ్మ అంటుంది. ఆమె మాటలో చాలావరకు నిజముంది, జెలటిన్ బెడద దానితో తీరుతుంది. అయితే ఆ చుక్క పాలకు, నేతికి అడ్డు చెప్పదు. అవీ క్షీరదాల నుంచి వచ్చేవే కనుక, వైద్యురాలు నన్ను కొంతకాలం వాటిని కూడా మానమన్నారు. పోనీ పాలు లేనివే తెచ్చుకుందామంటే, బాదం పాల డబ్బాల్లో కొన్నింటిలో కారజీనన్ ఉంటుంది. ఎర్ర సముద్రనాచు నుంచి తీసే ఈ పదార్థం శాకాహారమే అయినా, ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి పడదు.

యాంటీబాడీల స్థాయి తగ్గాక, వైద్యురాలి పర్యవేక్షణలో మొదట పెరుగును, తరువాత నెయ్యిని మళ్లీ మొదలుపెట్టాను. వేటమాంసానికి ఇంకా అనుమతి రాలేదు. మరో పిడుదు కరిస్తే ఆ స్థాయి తిరిగి పెరగవచ్చు కనుక, పెరట్లోకి వెళ్లేటప్పుడు ప్యాంటు అంచులను సాక్సుల్లో దోపుకుంటున్నాను. తీవ్రమైన అలర్జీ వస్తే వెంటనే వేసుకోవలసిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది.