బాపు కాల్చిన ఇటుక

2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం ఏడున్నర కావస్తుండగా హనుమకొండలో మా వంటింటి గూట్లోని స్టీలు గ్లాసులు ఉన్నట్టుండి గలగలమన్నాయి. అరుగు మీద చాయ్ తాగుతున్న బాపు లేచి నిలబడి ముందుగా గోడ వైపు చూశాడు. నలభై ఏళ్లు తాపీ పట్టిన మనిషి, ఇల్లు కదిలితే కళ్లు గోడ మీదికే పోతాయి. కాసేపటికి టీవీలో చెప్పారు, ములుగు జిల్లాలో భూకంపం, తీవ్రత 5.3 అని. నేను బంధువులందరికీ ఫోన్లు చేస్తుంటే బాపు ఒకే మాట అడిగాడు. “రామప్పకు ఏమీ కాలేదు కదా బిడ్డా?”

గుడి నిలిచే ఉందని తెలిశాక కూడా ఆయన మనసు కుదుటపడలేదు. కళ్లారా చూడాలన్నాడు. అలా ఆ వచ్చే సోమవారం తెల్లవారుతూనే తలస్నానాలు చేసి, కొబ్బరికాయ, మారేడు దళాలు సంచిలో పెట్టుకుని ములుగు వైపు వెళ్లే బస్సెక్కాం.

జంగాలపల్లి దగ్గర దిగి ఆటో ఎక్కితే మాతోపాటు ఒక పెద్దమ్మ కూర్చుంది. గుడి ఉన్న పాలంపేటకే వెళుతోంది. మాటల్లో నీళ్లలో తేలే ఆ గుడి శిఖరపు ఇటుకల సంగతి వచ్చింది. “రాముడి పేరు రాస్తే సముద్రంలో రాళ్లే తేలాయి. ఇక్కడ గుడి పేరులోనే రాముడున్నాడు, ఇటుకలు తేలడం ఒక లెక్కా?” అంది. ఆమె గొంతులో ఎంత నమ్మకముందో! ఆ పేరు గుడి కట్టిన శిల్పిదని చెబుతారని నేననబోయాను. బాపు నా చేయి మెల్లగా నొక్కాడు. ఊరుకున్నాను.

గర్భగుడిలో స్వామికి అభిషేకం జరుగుతోంది. దర్శనం తొందరగానే అయింది. శాసనం ప్రకారం ఈయన రుద్రేశ్వరుడు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడిని మొదలుపెట్టించాడు. కట్టడానికి సుమారు నలభై ఏళ్లు పట్టిందని ప్రతీతి. పోషించిన సేనాని పేరు రాతిలో నిలిచింది. నలభై ఏళ్లు ఉలి పట్టాడని చెప్పే రామప్ప పేరు జనం నోట నిలిచి, చివరికి గుడి పేరే అయింది. మేస్త్రీ పేరుతో గుడిని పిలవడం ఎంత అరుదో బాపు వంటి వాళ్లకే తెలుస్తుంది. ఆయన కట్టిన ఇళ్లలో దేని మీదా ఆయన పేరు లేదు.

బయటికి వచ్చి ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకారపు అరుగు మీద ప్రదక్షిణ చేస్తూ తలెత్తితే చూరు కింద నల్లరాతి మదనికలు, నాట్య భంగిమల్లో నిలిచిన స్త్రీ శిల్పాలు. ఎర్రటి ఇసుకరాతి గోడల పక్కన ఆ నలుపు ఇంకా నిగనిగలాడుతుంది. పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణ గారికి ఈ శిల్పాలే దారి చూపాయి. రంగమండపంలో గర్భగుడి వాకిలి పక్కన, పొన్నచెట్టు మీద వేణువూదే కృష్ణుణ్ణి తడితే స్వరాలు పలుకుతాయంటారు. ఇన్ని వందల ఏళ్లుగా తట్టిన వేళ్లకు ఆ రాయి ఎంత ఓర్చుకుందో అనిపించి నేను చెయ్యి వెయ్యలేదు.

బాపు మాత్రం శిల్పాల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. రంగమండపం మధ్యలో గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి పెట్టాడు. అక్కడి రాతిపలకలు సమంగా లేవు. ఒకచోట కుంగి, ఒకచోట లేచి, చెరువులో చిన్న అల వచ్చి ఆగిపోయినట్టు ఉంటాయి. పైన దూలాలకు పగుళ్లున్నాయి. ఎప్పుడో వచ్చిన భూకంపం చేసిన పని అని అక్కడివారు చెబుతారు. “మట్టం పోయింది. స్తంభం మాత్రం తూకం తప్పలేదు” అన్నాడు బాపు, ఒక కన్ను మూసి స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూస్తూ.

అప్పుడు ఆయనకు పునాది సంగతి చెప్పాను. వరంగల్ ఎన్‌ఐటీలో ఆచార్యుడిగా పనిచేసిన పాండురంగారావు గారు వివరించిన విషయమది. కాకతీయులు లోతుగా గుంత తవ్వి, దాన్ని ఇసుకతో నింపి, దాని మీద బరువైన కట్టడం నిలిపేవారు. దాన్నే శాండ్‌బాక్స్ పద్ధతి అంటున్నారు. వింటే ఎవరికైనా భయమేస్తుంది, ఇసుక మీద గుడి ఏమిటని. బాపుకు వెయ్యలేదు. “ఇసుక పక్కకు పోతేనే ముప్పు. నాలుగు వైపులా కట్టు ఉంటే ఎక్కడికి పోతుంది? మనం బేస్‌మెంట్లో ఇసుక నింపి నీళ్లు కొట్టేది ఎందుకు?” అన్నాడు. నేల ఊగినప్పుడు ఆ ఊపును ఇసుక రేణువులు తమలో తాము సర్దుకుంటూ తీసుకుంటాయని, గట్టి బండ అయితే ఊపంతా నేరుగా గోడలకు ఎక్కేదని నాకు పుస్తకాల్లో చదివితే అర్థమైంది. ఆయనకు అరచెయ్యి ఆన్చితే అర్థమైంది.

అడుగున ఇసుక ఉన్నప్పుడు నెత్తిన బరువు తగ్గించాలి. శిఖరం ఇటుకలు అక్కడే అవసరమయ్యాయి. రాతిగోడల మీద మళ్లీ రాతిశిఖరం పెట్టకుండా, నీళ్ల కంటే తేలికైన ఇటుకలతో గర్భగుడి మీది విమానగోపురం లేపారు. 2021 జులైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా ఈ తేలే ఇటుకల గురించి ప్రత్యేకంగా చెప్పింది. ఫోన్లలో తిరిగే వీడియోలు వీటిని ‘సైన్సుకు అంతుచిక్కని రహస్యం’ అంటాయి. ఆ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. అంతుచిక్కదని చెయ్యెత్తి మొక్కేస్తే ఆ మట్టి తొక్కిన కాళ్లను, బట్టీ దగ్గర నిద్ర మానుకున్న కళ్లను మనమే చెరిపేసినట్టవుతుంది. నేను శివుడికి మొక్కాను. వాళ్లకూ మొక్కాను.

నంది ముందు కూర్చుని కొబ్బరి ముక్కలు తింటుంటే బాపు ఒక జ్ఞాపకం చెప్పాడు. పెళ్లికి ముందు ఆయన శివరాత్రికి ఇక్కడికి వచ్చాడట. ఎవరో శిఖరం నుంచి రాలిన ఇటుక ముక్కను బకెట్లో వేసి జనానికి చూపిస్తున్నారు. ఈయన అడిగి చేతిలోకి తీసుకున్నాడు. “ఇటుకను ఎత్తేముందు చెయ్యి బరువుకు సిద్ధమవుతుంది బిడ్డా. ఆ ముక్కను ఎత్తితే నా చెయ్యి ఒక్కసారిగా పైకి లేచింది. ఎండిన జొన్నరొట్టెలా ఉంది. విరిగిన చోట చూస్తే అన్నీ సన్నటి బెజ్జాలు. సూదిమొన పట్టేంత.”

మట్టిలో ఊక, పొట్టు లాంటివి కలిపి కాలిస్తే అవి మండిపోయి ఆ చోట ఖాళీలు మిగులుతాయి. సూత్రం అంతే. చెప్పడానికి ఒక వాక్యం చాలు. బాపు ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన రైసు మిల్లు కనబడగానే ఆటో ఆపించి, దిగి, అరసంచి ఊక అడిగి తెచ్చుకున్నాడు.

ఆ వారమంతా మా పెరట్లో అదే పని. చెరువు మట్టి తెచ్చి, గడ్డలు చిదిపి, ఊక కలిపి, కాలితో తొక్కి, అరచేతి పొడవున ఆరు ఇటుకలు చేశాడు. నీడలో ఆరబెట్టాడు. ఊక కుప్ప పోసి, మధ్యలో వాటిని పెట్టి, రెండు రాత్రులు నిప్పు ఆరకుండా చూశాడు. రెండు ఇటుకలు మంటలోనే పగిలిపోయాయి. మూడు పట్టుకోగానే పొడిపొడిగా రాలాయి. మిగిలిన ఒక్కదాన్ని చల్లారనిచ్చి, బొటనవేలి గోటితో తట్టి మోత విని, స్నానాల బకెట్లో వదిలాడు.

తేలింది. అమ్మ చప్పట్లు కొట్టింది. నేను ఫోను తీశాను. ఇంతలో ఇటుక ఒంటినిండా సన్నటి బుడగలు లేచాయి. ఒక పక్కకు ఒరిగి, మెల్లగా అడుగుకు చేరింది.

బాపు మోచేతిదాకా చెయ్యి ముంచి దాన్ని తీసి రెండుగా విరిచాడు. లోపలంతా తడిసింది. విరిగిన చోట ఊక ఆకారంలో పొడుగాటి సందులు, ఒకదానిలోంచి ఒకదానిలోకి దారులు. వేలితో ఆ దారుల వెంట రాస్తూ చాలాసేపు చూశాడు.

“బెజ్జాలు ఉంటే చాలదు. ఒక్కొక్కటీ విడిగా మూసుకుని ఉండాలి. గాలి లోపలే ఉండిపోవాలి. దానికి ఊకను ఇంత ముతకగా వెయ్యకూడదు” అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి అమ్మను పిలిచాడు. “పిండి జల్లెడ ఒకటి ఇవ్వు. పాతదైనా సరే.”