నట్టింట్లో పిల్లర్: ఏడు ఆదివారాల పని

మా ఫ్లాట్ విశాఖ ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తు. హాలుకీ డైనింగ్‌కీ మధ్య ఏ గోడనీ తాకకుండా ఒక పిల్లర్ ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లంతా ముందు దాన్నే చూస్తారు, మర్యాదకి ఏమీ అనరు. మా అమ్మకి ఆ మొహమాటం లేదు. "నట్టింట్లో ఇదేంట్రా, పందిరి గుంజలాగా!" అనేసింది.

ఎందుకుందో తెలియాలంటే కింద పార్కింగ్‌లోకి దిగి చూడాలి. సరిగ్గా మా హాలు కింద, రెండు కార్ల మధ్య అదే పిల్లర్ ఉంది. కార్లు పట్టే దూరం చూసుకుని పిల్లర్లు లేపారు, పైన గదుల్ని వాటి చుట్టూ సర్దారు. పైబరువు పునాదిదాకా తిన్నగా దిగాలి కాబట్టి మా అంతస్తులో దాన్ని పక్కకి జరిపే వీలు లేదు.

కొలతలు: ప్లాస్టరింగ్‌తో కలిపి 19 × 10 అంగుళాలు, లోపలి కాంక్రీటు 18 × 9. నేల నుంచి బీమ్ అడుగుదాకా 8 అడుగులు. వంటింటి గోడకీ దీనికీ మధ్య దారి 33 అంగుళాలు.

మొదటి ఆదివారం

అందరూ చెప్పే మందు ఒకటే: ప్లైవుడ్‌తో బాక్సు కట్టి అద్దాలో సన్‌మైకానో అతికించెయ్యడం. 18 మి.మీ. ప్లై, దాని వెనక ఒక అంగుళం ఫ్రేము వేసుకుంటే ఒక్కో వైపు ఇంచుమించు అంగుళంముప్పావు పెరుగుతుంది. ఆ లెక్కకి ఫ్రిజ్ అట్టపెట్టె కోసి పిల్లర్ చుట్టూ కట్టాను. మా ఆవిడ చేతిలో పళ్లెం పట్టుకుని వంటింట్లోంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి, "కనపడకుండా చేస్తానని ఇంకా లావు చేశారు" అంది. అట్ట ఖర్చు సున్నా. ఏదైనా కట్టబోయే ముందు ఈ పని చెయ్యండి.

అంతకు ముందు ఒక ఇంటీరియర్ అతను వచ్చి, "మూలలు నాలుగూ కొంచెం చెక్కి గుండ్రంగా చేసేద్దాం సార్, డిజైన్ బాగుంటుంది" అన్నాడు. పిల్లర్‌లో నిలువు కడ్డీలు ఉండేదే ఆ మూలల్లో. వాటి మీదున్న కాంక్రీటు పొరే కవర్. కాంక్రీటు కట్టడాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ పిల్లర్లకి మామూలుగా 40 మి.మీ. అడుగుతుంది. ఆ పొర చెక్కేస్తే కడ్డీకి గాలీ తేమా తగులుతాయి. సముద్రం పక్కన ఊళ్లో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి, మిగతా కాంక్రీటుని కూడా లోపల్నుంచి పగలగొడుతుంది. అతనికి టీ ఇచ్చి పంపేశాను.

రెండో ఆదివారం (నా తప్పు)

చెక్కడం తప్పని అంత తెలిసినవాణ్ని, ఒక చిన్న అలమార తగిలిద్దామని 8 మి.మీ. బిట్‌తో హ్యామర్ డ్రిల్ పెట్టాను. రెండంగుళాలు దాటగానే డ్రిల్ మోత మారిపోయింది, బిట్ ముందుకి పోనంది. కంకర రాయి అనుకుని ఇంకాస్త నొక్కాను. బయటికి తీస్తే బిట్ మొన మెరుస్తోంది, పొడిలో ఇనుప రజను.

మర్నాడు సైట్ ఇంజనీరుగా చేసే మిత్రుడి దగ్గర బాష్ జీఎంఎస్ 120 తెచ్చాను. ఇనుము 120 మి.మీ. లోతులో ఉన్నా పట్టే చిన్న యంత్రం. పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ పోతే పిల్లర్ అస్థిపంజరం బయటపడింది: మూలల్లో నాలుగు కడ్డీలు, పొడవు ముఖాల నడుమ చెరొకటి, వాటిని చుట్టి ఇంచుమించు ఆరంగుళాలకో రింగు. నా కన్నం సరిగ్గా రింగు మీద పడింది. కన్నం ఊది శుభ్రం చేసి ఎపాక్సీ పుట్టీతో నింపాను. ఆ రోజే ఒక నియమం పెట్టుకున్నాను: ఇక ఈ పిల్లర్‌కి ఒక్క కన్నం కూడా పెట్టకూడదు.

పనిలో పనిగా రూపాయి బిళ్లతో పై నుంచి కిందిదాకా కొట్టి చూశాను. నేలకి దగ్గర, తడిగుడ్డ రోజూ తగిలే చోట, జానెడు మేర డొల్ల మోత వచ్చింది. తుప్పు మరకగానీ నిలువు బీటగానీ ఉంటే ఇంజనీరుని పిలవాల్సిందే. మాకు పొంగింది ప్లాస్టరింగ్ ఒక్కటే. తాపీమేస్త్రీ ఆ ముక్క కొట్టేసి, ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్లు ఇసుక కలిపిన మాలుతో పూసి వెళ్లాడు. వారంపాటు రోజూ నీళ్లు చల్లడం నా వంతు.

మూడో ఆదివారం

గుండు వేలాడదీసి చూస్తే ఎనిమిది అడుగుల్లో 12 మి.మీ. వాలు ఉంది. అపార్ట్‌మెంట్లలో ఇది పెద్ద వింత కాదు. కానీ పిల్లర్‌కి ఆనించి చేసే ప్రతి చెక్కా దాన్ని మింగాలి.

ఏం చెయ్యాలో తేలింది ఆ రోజే. మా తాతగారిది మండువా ఇల్లు. అక్కడ నాలుగు టేకు స్తంభాలుండేవి. వాటిని ఎవరూ దాచలేదు. వచ్చినవాళ్లు స్తంభానికి వీపు ఆనించి కూర్చునేవాళ్లు, తాతగారు ఒకదాని పక్క, పాలేరు ఇంకోదాని పక్క. ఆనుకోవడానికి ఉన్నదాన్ని నేను అద్దాలతో మూసేద్దామని చూశాను! హాలు వైపు ఒక అరుగు, వీపుకి ఒక ఆనుడు, అంతే. మిగతా మూడు వైపులా పిల్లర్ బట్టబయలుగానే ఉండాలి. బీట పడితే కనపడాలి కదా.

నాలుగు, అయిదో ఆదివారాలు

కొత్త టేకు ధర విని వచ్చేశాను. పాత కలప దుకాణంలో, పడగొట్టిన ఇంటి గుమ్మం ఒకటి 3,800కి దొరికింది. నాలుగు బై మూడు అంగుళాల చెక్క, ఏడడుగుల నిలువులు రెండు, పైన అడ్డం ఒకటి. పాత గుమ్మం అంటే మేకుల పుట్ట. మామిడాకుల తోరణం కట్టిన మేకులే పదకొండు పీకాను. పన్నెండోది రంపం పళ్లకి దొరికింది. ఆ తర్వాత పాత స్పీకర్ అయస్కాంతం పెట్టి తడిమి మరీ కోశాను. (పిల్లర్‌లో కడ్డీలు వెతకడానికి అయస్కాంతం పనికిరాదు, అంత లోతులో పట్టదు.)

కన్నాలు లేకుండా ఆనుడు నిలబెట్టడం ఎలా? 22 అంగుళాల టేకు పట్టీలు రెండు, అంగుళంపావు మందం, పిల్లర్ పొడవు ముఖాల మీద ఎదురెదురుగా పెట్టాను. 19 అంగుళాల ముఖానికి అటూ ఇటూ అంగుళంన్నర బయటికి వస్తుంది. ఆ చివరల్లోంచి 14 అంగుళాల స్టెయిన్‌లెస్ త్రెడ్ రాడ్లు, 8 మి.మీ.వి, పక్క ముఖాలని తాకకుండా దాటించి రెండు కొసలా నట్లు బిగించాను. పట్టీకీ ప్లాస్టరింగ్‌కీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు. ఇలాంటి కౌగిళ్లు రెండు: నేల నుంచి 20 అంగుళాల దగ్గర ఒకటి, 42 దగ్గర ఒకటి. నట్లు చేతి బిగువు మీద ఇంకో చుట్టు, అంతకు మించి వద్దు, పట్టీ విల్లులా వంగిపోతుంది. డైనింగ్ వైపు పట్టీకి కొక్కేలు కొడితే తాళాలకీ సంచులకీ చోటొచ్చింది. అది ముందు అనుకున్నది కాదు.

ఆనుడు నిట్టనిలువుగా ఉంటే పావుగంటకే వీపు పట్టేస్తుంది. అందుకని అంగుళంన్నర వెడల్పు టేకు రీపుల వెనక, కింది పట్టీ దగ్గర రెండంగుళాలు, పై పట్టీ దగ్గర అరంగుళం ప్యాకింగ్ ముక్కలు వేశాను. పిల్లర్ వాలు కూడా ఈ ముక్కల్లోనే సర్దుకుపోయింది. అరుగు పొడవు 48 అంగుళాలు, లోతు 15, ఎత్తు 17. దానికి సొంత కాళ్లున్నాయి, మనిషి బరువు పట్టీల మీద పడదు.

ఆరో ఆదివారం

రీపుల వెనక సందులో 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీ పెట్టాం. వైరు కోసం పిల్లర్‌లో గాడి కొట్టనివ్వలేదు. ఎలక్ట్రీషియన్ కాస్త సణిగాడు. వంటింటి గోడ బోర్డు నుంచి బీమ్ పక్కగా పీవీసీ కేసింగ్ తెచ్చి, డైనింగ్ వైపు మూల వెంట దించాడు. పిల్లర్ రంగే కొట్టాక పట్టి చూస్తే తప్ప కనపడదు. పట్టి చూస్తే కనపడుతుంది, నిజమే. ఇంటి కరెంటుని 12 వోల్టులకి దించే డబ్బా (డ్రైవర్) వేడెక్కుతుంది కాబట్టి మూసిన సందులో కాకుండా అరుగు కింద, చెయ్యి అందే చోట పెట్టించాను.

ఉప్పుకాగితం 80, 120, 220 వరసలో రుద్ది, అవిసె నూనె రెండు పూతలు. గుమ్మానికి ఎన్నేళ్లుగానో పట్టిన పసుపు ఒక పక్క చెక్కలోకి ఇంకిపోయి ఉంది. దాన్ని పూర్తిగా తియ్యలేదు, తియ్యాలనిపించలేదు.

ఏడో ఆదివారం

అమ్మ మునగాకు చాట తెచ్చుకుని, ఎవరినీ అడక్కుండా వెళ్లి అరుగు మీద కూర్చుంది. వీపు ఆనించింది. సగం ఆకు దూసేదాకా ఏమీ అనలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాను.

"బానే ఉంది గానీ, కాళ్లు నేలకి అందట్లేదురా."

టేపు పెట్టి చూశాను. ఆవిడ మడమకీ నేలకీ మధ్య ముప్పావు అంగుళం. వచ్చే ఆదివారం అరుగు బోర్లించి నాలుగు కాళ్లూ అంగుళం చొప్పున కోస్తాను.