వై38: ఉగ్రదాడిలో గాయపడ్డ ఫైర్‌మన్ చార్ట్ కోడ్ చేసేటప్పుడు

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా చార్ట్‌లు (రోగుల వైద్య రికార్డులు) చూసి, జబ్బులకి, గాయాలకి ఐసీడీ-10-సీఎం కోడ్లు వేసే కోడర్లలో చాలామందికి వై38, అంటే ఉగ్రదాడి గాయాల కేటగిరీ, సర్టిఫికేషన్ పరీక్షలో ఒక ప్రశ్నగానే తెలుసు. నిజం చార్ట్ చేతికొస్తే మొదటి అడుగులోనే తడబడతారు. ఎమర్జెన్సీ విభాగం (ఈడీ) నోట్‌లో డాక్టరు "పేలుడు, టెర్రరిజం అనుమానం" అని రాస్తారు, మనవాళ్లు వెంటనే వై38 వేసేస్తారు. వెయ్యకూడదు. అది టెర్రరిజమేనని ఎఫ్‌బీఐ తేల్చిన తర్వాతే ఈ కేటగిరీ. అనుమానం ఉన్నంతకాలం అసాల్ట్ (మామూలు దాడి) కోడే. పేలుడు అయితే ఎక్స్96 కింద చూసుకోవాలి. టీవీలో ఏం చెప్తున్నారన్నది మనకి ఆధారం కాదు.

తేలిన తర్వాత మాత్రం, గాయం దేనివల్ల తగిలిందో చెప్పే ఎక్స్‌టర్నల్ కాజ్ కోడ్లలో వై38దే ముందు వరస. పిల్లల మీద, పెద్దల మీద జరిగే అబ్యూజ్ కోడ్లు తప్ప ఇంకేవీ దాన్ని దాటవు. అయినా మొదటి డయాగ్నసిస్‌గా అది ఎప్పుడూ రాదు, ఆ చోటు గాయానిదే.

నాలుగో అంకె దాడి ఎలా జరిగిందో చెప్తుంది: పేలుళ్లు, శకలాలు 2, మంటలు 3, తుపాకులు 4, రసాయనాలు 7. ఐదో చోట ఖాళీ నింపే ఎక్స్ ఉంటుంది. ఆరో అంకె గాయపడ్డ మనిషిని చెప్తుంది: 1 ప్రజారక్షణ సిబ్బంది, 2 సాధారణ పౌరుడు, 3 దాడి చేసినవాడు. నా లెక్కలో ఈ కోడ్ మొత్తంలో అతి ముఖ్యమైన అంకె ఇదే. ఫైర్‌మన్‌కి 2 పడితే, పక్కన వై99.0 (జీతం కోసం చేసే పనిలో ఉన్నాడని చెప్పే కోడ్) ఉన్నా, రికార్డు చదివేవాళ్లకి అతను ఆ సమయంలో పనిలో ఉన్న ఏ ఆఫీసు ఉద్యోగిలాగో కనిపిస్తాడు. డ్యూటీ సంగతి చార్ట్‌లో లేకపోతే ఊహించొద్దు, డాక్టరుకి క్వెరీ పెట్టండి.

ఒక కేసు చూద్దాం. ఎఫ్‌బీఐ తేల్చిన పేలుడులో, ఫుట్‌పాత్ మీద డ్యూటీలో ఉన్న ఫైర్‌మన్‌కి ఒక ఊపిరితిత్తికి బ్లాస్ట్ గాయం, ఎడమ కర్ణభేరికి చిరుగు. కోడ్లు ఈ వరసలో: ఎస్27.311ఏ, ఎస్09.22ఎక్స్ఏ, వై38.2ఎక్స్1ఏ, వై92.480 (జరిగిన చోటు ఫుట్‌పాత్), వై99.0. చివరి రెండూ మొదటి ఎన్‌కౌంటర్‌కే (చికిత్సకి వచ్చిన మొదటిసారికే) పరిమితం, ఫాలో-అప్‌లో మళ్లీ వేస్తే ఆడిట్‌లో ఎర్రర్ పడుతుంది. గాయం కోడ్ ఉన్నన్నాళ్లూ వై38 మాత్రం వెంట నడవాలి.

కోడ్ చివర చికిత్స దశని చెప్పే ఏడో క్యారెక్టర్ (ఏ, డీ, ఎస్) దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఏ అంటే మొదటి విజిట్ అనుకుంటారు. కాదు, యాక్టివ్ ట్రీట్‌మెంట్ నడుస్తున్నంతకాలం ఏ. చిరుగు తనంతట తాను మూసుకోక నెలల తర్వాత టింపనోప్లాస్టీ (కర్ణభేరిని సరిచేసే ఆపరేషన్) చేస్తే, అదీ ఏ కిందకే వస్తుంది. ఆ తర్వాత మానుతోందో లేదో చూసే విజిట్లు, మానేటప్పుడు చేసే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) డీ. గాయాలకి జడ్‌తో మొదలయ్యే ఆఫ్టర్‌కేర్ (చికిత్స తర్వాతి సంరక్షణ) కోడ్లు వాడకూడదు, గాయం కోడ్‌కే డీ తగిలించాలి. గాయం మానాక మిగిలిపోయిన ఇబ్బందికి ఎస్. ఏడాది తర్వాత ఎడమ చెవిలో హోరు మిగిలిందనుకోండి: ముందు హోరు కోడ్ హెచ్93.12, తర్వాత ఎస్09.22ఎక్స్ఎస్, వై38.2ఎక్స్1ఎస్. ఆ హోరుకి పేలుడే కారణమని డాక్టరు రాసి ఉండాలి. ఆ ముడి మనం వెయ్యరాదు.

పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత వెంటాడే మానసిక సమస్య) కూడా అంతే. అక్యూట్ అంటే ఎఫ్43.11, క్రానిక్ అంటే ఎఫ్43.12. నోట్‌లో ఏదీ లేకుండా ఉట్టి పీటీఎస్‌డీ అని ఉంటే ఎఫ్43.10. నెలలు లెక్కపెట్టి క్రానిక్ చేసెయ్యడం కోడర్ పని కాదు.

దాడిలో కాకుండా, మర్నాడు శిథిలాలు తొలగిస్తుంటే గోడ కూలి చెయ్యి విరిగితే అది దాడి తర్వాతి ప్రభావాల కోడ్, వై38.9ఎక్స్1ఏ. అదే మనిషికి ముందురోజు దాడిలో తగిలిన గాయం కూడా ఉంటే రెండు వై38 కోడ్లూ కలిపి వెయ్యొచ్చు.

2001 సెప్టెంబర్ 11 దాడుల్లో సహాయానికి వెళ్లినవాళ్ల కథ వేరు. జడ్రోగా చట్టం కింద 2011లో మొదలైన వరల్డ్ ట్రేడ్ సెంటర్ హెల్త్ ప్రోగ్రాం వాళ్లకి ఏటా పరీక్షలు, సర్టిఫై అయిన జబ్బులకి ఉచిత వైద్యం ఇస్తుంది. 2015లో దాన్ని 2090 దాకా పొడిగించారు. సైనసైటిస్, ఆస్తమా, జీఈఆర్‌డీ (కడుపులో ఆమ్లం పైకి తన్నే జబ్బు), క్యాన్సర్లు జాబితాలో ఉన్నాయి. నడుం, కీళ్ల గాయాలకి మాత్రం 2003 సెప్టెంబర్ 11లోపు చికిత్స జరిగినట్టు మెడికల్ రికార్డు కావాలి. క్యాన్సర్‌కి, దాడి ప్రభావానికి గురైనప్పటి నుంచి అది బయటపడేదాకా కనీస వ్యవధి చూస్తారు: ఘన కణుతులకి 4 ఏళ్లు, థైరాయిడ్‌కి 2.5, మెసోథీలియోమాకి (ఊపిరితిత్తుల వంటి అవయవాల పొరకి వచ్చే క్యాన్సర్) 11. అందుకే డయాగ్నసిస్ తేదీ, పాత నోట్లు చార్ట్‌లో దొరికినప్పుడు వదలకుండా పట్టుకోవాలి. ఆ దాడుల బాధితుల నష్టపరిహార నిధి ఇంకో విభాగం, న్యాయశాఖ చేతిలో ఉంది. హెల్త్ ప్రోగ్రాంలో పేరున్నంత మాత్రాన అందులో నమోదైనట్టు కాదు. జబ్బు సర్టిఫై అయిన రెండేళ్లలోపు అక్కడ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి.