అనంతపురంలో పట్టాల పక్కన ఒక రాత్రి

పోయిన వారం అనంతపురంలో రైలు పట్టాలను ఆనుకుని ఉన్న మా మేనమామ ఇంట్లో పడుకున్నాను. గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. అలవాటుపడిన మా అత్త మాత్రం కదలనైనా లేదు.

హైదరాబాద్–బెంగళూరు హైస్పీడ్ రైలు ప్రతిపాదన గురించి చదివినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ చప్పుడే గుర్తొస్తోంది. జపాన్‌లో 1964లో టోక్యో–ఒసాకా మధ్య షింకన్‌సెన్ అనే హైస్పీడ్ రైలు మొదలైన పదేళ్లకు, రొదనూ అదురునూ భరించలేక నగోయాలో పట్టాల వెంట నివసించేవారు కోర్టుకెక్కారు. ఆ మరుసటి ఏడాది, అంటే 1975లో, నివాస ప్రాంతాల్లో ఆ శబ్దం 70 డెసిబెల్స్ మించరాదని అక్కడి ప్రభుత్వం ప్రమాణం నిర్ణయించింది. మన ముంబయి–అహ్మదాబాద్ హైస్పీడ్ మార్గంలో వంతెనల వెంట శబ్దాన్ని అడ్డుకునే గోడలు ముందుగానే కడుతున్నారు, అది నాకు నిజంగా సంతోషం.

కరెంటుతో నడిచే ఈ హైదరాబాద్–బెంగళూరు రైలు, ఆ రెండు నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి మీది డీజిల్ పొగను కొంతైనా తగ్గించగలదు కాబట్టి నేను దీనికి వ్యతిరేకిని కాను. నా భయమంతా నీటి గురించే. వాన నీరు వంకల గుండా పారి చెరువులకు చేరే ఈ కరువు నేలలో, పట్టాల కోసం ఎత్తైన మట్టికట్ట అడ్డంగా వేసి, సరిపడా తూములు పెట్టకపోతే, దిగువ చెరువులు ఎండిపోతాయి. స్తంభాల మీద వంతెనగా కడితే ఆ నీటి దారి చాలావరకు మిగులుతుంది. ఈ మాటలే అర్జీగా రాసి మామకు చూపించాను, ఆయన మొదటి సంతకం చేశారు.