గ్రాఫులో రాని గుండ్రం

ధర్మవరంలో పదేళ్లు పట్టుచీరల అంచులకు గ్రాఫులు గీశాను. నింపిన గడికి పోగు లేస్తుంది, ఖాళీ గడికి లేవదు. ఆ లెక్కనే అట్టలకు చిల్లులు కొడతారు, జకార్డు మగ్గం వాటిని పట్టుకుని నేస్తుంది. గడుల్లో అసలైన గుండ్రం రాదు. ఎంత సన్నగా గీసినా అంచు మెట్లు మెట్లుగానే ఉంటుంది. లేపాక్షి గుడి కప్పు మీద చూసిన అంచును నాకు తోచినట్టు మార్చి తీసుకెళితే సావుకారు పక్కన పెట్టేసేవాడు. "హంస వెయ్యి, పోయేది అదే" అనేవాడు.

ఇప్పుడు పారిస్‌లో గార్ దు నోర్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక హోటల్ వంటగదిలో ఎర్రగడ్డలు తరుగుతాను. రోజుకు 11 గంటలు, సోమవారం సెలవు. 2023లో అలాంటి ఒక సోమవారం ఇక్కడి ఆధునిక కళల మ్యూజియం పాంపిడూ సెంటర్‌లో, మన దేశపు చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా చిత్రాల ప్రదర్శనకు వెళ్లాను. నల్లటి వృత్తం ముందు నిలబడితే నా వేళ్లు వాటంతటవే గడులు లెక్కపెట్టాయి. ఎన్ని వేల గడులైనా ఆ గుండ్రానికి చాలవు.

రజా పుట్టింది మధ్యప్రదేశ్ అడవి పల్లెలో. 1948లో కశ్మీర్‌లో ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ఆయన బొమ్మలు చూసి, ప్రతిభ ఉంది కానీ నిర్మాణం లేదు, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌ను చూడమన్నారట. 1950లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో ఇక్కడికి వచ్చారు. నేను విడిపించుకోవాలనుకున్న ఆ గడుల కట్టడి కోసమే ఆయన సముద్రం దాటారన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. 1956లో విమర్శకుల బహుమతి వచ్చింది. అయినా బిందువు దగ్గరికి, అంటే నేను చూసిన ఆ నల్లటి వృత్తం దగ్గరికి, చేరడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. చిన్నప్పుడు బడిలో పంతులు గోడ మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్న చుక్క అది! ఇక్కడ ఆయనకు దొరికిన స్వేచ్ఛ ఆ ఇరవై ఏళ్ల తీరికేనని నా నమ్మకం.

రాత్రి వంటగది కడిగాక బిల్లు కాగితాల వెనక గీస్తున్నాను. గడుల్లేని కాగితం మీద చెయ్యి ఇంకా వణుకుతుంది.

1981లో వేసిన 'మా' చిత్రం మీద రజా ఒక హిందీ కవితా పంక్తి రాశారు: అమ్మా, తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తాను, అని. అది మా అమ్మకు ఫోన్లో చెప్పాను.

"ఆ మనిషి మళ్లీ వచ్చినాడా నాయనా?"

"వచ్చినాడుమా, ఢిల్లీకి. అరవై ఏండ్లకు. మట్టి చేసింది మాత్రం వాళ్ల నాయన పక్కనే, మండ్లాలో."

"అరవై ఏండ్లా" అని అమ్మ ఊరకుండిపోయింది.